ఏడికని అడగని ఇల్లు

నాకు కోపం ఎక్కువని మా సందులో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. పద్దెనిమిదేళ్లుగా ప్రభుత్వ పాఠశాలలో తెలుగు చెబుతున్నదాన్ని. కోపం రాకుండా ఆ ఉద్యోగం ఎవరైనా చేసి చూపిస్తే వాళ్లకు సాష్టాంగ దండం పెడతాను. కానీ తొంభై ఏడు ఫిబ్రవరిలో వచ్చినంత కోపం నాకు అంతకుముందు ఎన్నడూ రాలేదు, తర్వాతా రాలేదు. అది ఎవరి మీద వచ్చిందో చెప్పాలంటే మెట్టె మా ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి చెప్పాలి.

మెట్టె డెన్మార్క్ పిల్ల. పద్దెనిమిదేళ్లది. ఒక దేశం విద్యార్థులను ఇంకో దేశంలో ఇళ్లలో పెట్టి చదివించే సంఘం ఒకటి ఉండేది. మన జిల్లాలో దాని పనులు రామ్‌దాస్ గారు చూసేవారు. వచ్చిన పిల్ల మూడు నెలలు ఒక ఇంట్లో ఇంటి మనిషిగా ఉండాలి, మన తిండి తినాలి, మన మాట నేర్చుకోవాలి, ఇక్కడి కాలేజీకి పోవాలి. మా అబ్బాయి వరంగల్‌లో హాస్టల్లో ఉండి చదువుతున్నాడు, వాడి గది ఊరికే పడి ఉంది. నేను దరఖాస్తు పెట్టాను.

రామ్‌దాస్ గారు ఇల్లు చూడ్డానికి వచ్చారు. గంజ్ వెనక సందులో మా మూడు గదుల ఇల్లు చూశారు. అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్న మా అత్త లింగవ్వను చూశారు. మా ఆయన ఆత్మారాంకు బస్టాండ్ దగ్గర కాలిపోయిన కరెంటు మోటార్లకు మళ్లీ తీగ చుట్టే కొట్టు ఉంది. ఆయన అప్పుడే మెడలో రాగితీగ చుట్టలు వేసుకుని, చేతులకు మసితో వచ్చాడు. ఆయననూ చూశారు.

"మేడం, ఒక డాక్టర్ గారు గూడ అడుగుతున్నరు. వాళ్లింట్ల ఏసీ రూం ఉన్నదంట" అన్నారు రామ్‌దాస్ గారు మెల్లగా.

"ఏసీల ఉండాలంటే గా పిల్ల వాళ్ల దేశంలనే ఉండొచ్చు గద సార్. చలికి కొదవా ఆడ? ఇంత దూరం దేనికి వచ్చుడు?" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను.

ఆయన సఫారీ చొక్కా జేబులోంచి రుమాలు తీసి మొహం తుడుచుకున్నారు. "సరే మేడం. పది రోజులు చూద్దాం. పదో రోజు నేనొచ్చి పిల్లను ఒక్కదాన్నే కూసోబెట్టి అడుగుత. మంచిగున్నదంటే మూడు నెలలు మీ ఇంట్లనే. లేదంటే డాక్టర్ గారింటికి మారుస్త. మీరేమనుకోవద్దు."

నేనేమీ అనుకోనన్నాను. లోపల మాత్రం అప్పుడే అనుకున్నాను, ఈ పిల్లను మా ఇంట్లోంచి ఎవరు తీసుకుపోతారో నేనూ చూస్తాను అని.

శుక్రవారం పొద్దున మెట్టె దిగింది. వీపున సంచి, చేతిలో పెట్టె, మొహం నిండా నవ్వు. మా గుమ్మం ఆమె ఎత్తుకు కట్టింది కాదు. వంగమని నేను చెప్పేలోపే ఠంగున నుదురు తగిలింది. మా అత్త "అయ్యయ్యో అయ్యయ్యో" అంటూ లేచి, వంటింట్లోంచి గుప్పెడు చక్కెర తెచ్చి ఆ బొప్పికి అదిమింది. బోధన్ చక్కెరకు తగ్గని బొప్పి లేదని ఆమె నమ్మకం. మెట్టె ఒక వేలితో ఆ చక్కెర తీసి నోట్లో వేసుకుని, తల ఊపింది. ఆ క్షణంలోనే మా అత్త ఆ పిల్లకు దాసోహమైపోయింది.

"పేరేంది బిడ్డా?"

"మెట్టె."

మా అత్త ఆ పిల్ల కాళ్లకేసి చూసి, నా వైపు తిరిగింది. "పెండ్లి గాని పొల్లకు మట్టెలేంది గోదావరీ? ఆ దేశంల గట్లనే పెడుతరా?"

అది ఆ పిల్ల పేరని చెప్పేసరికి ఆమె నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకుంది. మెట్టెకు ఒక్క ముక్క అర్థం కాలేదు, అయినా తనూ నవ్వింది. అర్థం కాకపోయినా నవ్వడం ఆ పిల్లకు మొదటి నిమిషం నుంచే వచ్చు.

మొదటి రోజులు ఎంత బాగా గడిచాయో చెప్పలేను. జొన్నరొట్టె చేత్తో కొడుతుంటే పక్కనే కూర్చుని చప్పట్లు లెక్కపెట్టేది. తనూ ఒకటి కొడతానని పట్టుబట్టి, పీట మీద తెలంగాణ పటం లాంటిదేదో తయారుచేసింది. దాన్ని మా ఆయన వంకలన్నీ తుంచుకుని తిన్నాడు. వాళ్ల దేశంలో పెద్దా చిన్నా లేకుండా అందరినీ పేర్లు పెట్టే పిలుస్తారట. "ఆత్మారాం, ఇంకో రొట్టె కావాలా?" అని ఇంగ్లీషులో అడిగింది ఆయనను. ఇరవై రెండేళ్ల కాపురంలో నేను ఒక్కసారి కూడా నోరారా పిలవని పేరది. ఈ పిల్ల రోజుకు పదిసార్లు పిలుస్తుంటే, ఆ మనిషి పెండ్లికొడుకులా మెలికలు తిరుగుతుంటే, నాకు కడుపు మండేది. నన్నూ "గోదావరీ" అనే అనేది. మా అత్తను మాత్రం మొదటి రోజే "అవ్వ" అంది. ఎవరు నేర్పారని అడిగితే, అందరూ అలాగే పిలుస్తున్నారు కదా, అదే ఆమె పేరనుకున్నానంది.

ఆదివారం నేను బట్టలుతికి వచ్చేసరికి మెట్టె అరుగు మీద మా అత్త పక్కన బాసింపట్టు వేసుకుని తునికాకు కత్తిరిస్తోంది. సాయంత్రానికి తన చేత్తో ఒక బీడీ చుట్టింది. అది పచ్చిమిరపకాయ కన్నా లావుంది. మా అత్త దాన్ని రెండు వేళ్లతో పైకెత్తి సందు మొత్తానికి చూపించింది.

"సూడుండ్రి, డెన్మార్కు బీడీ! దీన్ని తాగాలంటే ఇద్దరు వట్టుకోవాలె!"

కార్ఖానాకు ఇస్తే వెనక్కి కొడతారని దాన్ని తీసుకుపోయి దేవుడి గూట్లో పెట్టింది.

ఇంత బాగున్న చోట తేడా ఎక్కడొచ్చిందంటారా? చెబుతాను.

మా అత్త రాజ్యంలో ఒక చట్టం ఉంది. గడప దాటుతున్న మనిషిని ఎక్కడికని అడగకూడదు. అడిగితే పోయిన పని చెడుతుంది. ఇది మన దిక్కు చాలా ఇళ్లలో ఉన్నదే. కొందరు తెలివిగా "దూరమా?" అని అడిగి సంగతి లాగుతారు. మా అత్త దగ్గర ఆ పప్పులు ఉడకవు. ఆమెకు దానికి పెద్ద కారణమే ఉంది. డెబ్భై నాలుగులో మా మామగారు కొడుకుకు సంబంధం ఖాయం చేసుకోవడానికి ఇందల్వాయి బయల్దేరితే, ఎవరో ఎదురొచ్చి "ఏడికే, తెల్లబట్టలేసినవ్?" అని అడిగారట. ఆ సంబంధం తప్పిపోయింది. ఆ తర్వాత ఏడాదంతా తిరిగి తిరిగి, ఆఖరికి బోధన్‌లో నేను దొరికాను. "ఒక్క మాట అడిగినందుకు సూడు బిడ్డా, ఏమైందో" అని వచ్చిన ప్రతి చుట్టానికీ నా ముందే చెబుతుంది. అప్పటికి ఇరవై రెండేళ్లుగా చెబుతూనే ఉంది.

పొరపాటున ఎవరైనా అడిగారో, ఇక ఆ ప్రయాణం లేదు. వెనక్కి వచ్చి, కూర్చుని, మంచినీళ్లు తాగి, ఆ పని మరో రోజుకు పెట్టుకోవాలి. తుమ్ముకు మాత్రం కొంచెం సడలింపు ఉంది, కూర్చుని నీళ్లు తాగితే పోవచ్చు. ఫిబ్రవరి అంటే మార్కెట్ యార్డుకు పసుపు దిగే నెల. అటునుంచి గాలి వీస్తే మా సందు సందంతా తుమ్ముతుంది. మెట్టె బయల్దేరడం, మా ఆయన తుమ్మడం, మా అత్త ఆ పిల్ల చెయ్యి పట్టి కూర్చోబెట్టి చెంబుడు నీళ్లు తాగించడం. సోమవారం ఒక్క పొద్దుటి పూటే నాలుగు చెంబులయ్యాయి.

"గోదావరీ, ఇన్ని నీళ్లు తాగాలా? ఈ ఊళ్లో ఎండ అంత ప్రమాదమా?" అని అడిగింది మెట్టె, పొట్ట పట్టుకుని.

"అవును, చాలా ప్రమాదం" అన్నాను. బడికి ఆలస్యమవుతోంది. శకునాల సంగతి ఇంగ్లీషులో ఎవరు వివరిస్తారు? అప్పుడే రెండు నిమిషాలు నిలబడి వివరించి ఉంటే నాకు ఈ తిప్పలన్నీ తప్పేవి.

ఎందుకంటే ఆ పిల్ల కాళ్లు ఊరుకునేవి కావు. కాలేజీ పదో రోజు దాటాకే, అప్పటిదాకా ఊరు చూసుకోమన్నారు. రోజూ పొద్దున ఒకసారి, మూడింటికి ఒకసారి బయల్దేరేది. మేము ఎవరమూ ఎక్కడికని అడగలేదు. అడగలేదంటే పట్టించుకోలేదని కాదు. పిల్ల గడప దాటగానే మా అత్త పెద్దగా దగ్గేది. సందు మొగలో రుక్మాబాయి కిరాణా కొట్టు ఉంది. ఆ దగ్గు వినగానే రుక్మాబాయి తల బయటపెట్టి, పిల్ల ఎటు తిరిగిందో చూసి కుడిచెయ్యో ఎడమచెయ్యో ఊపేది. కుడి అయితే గాంధీచౌక్, అక్కడ ఆటో నడిపే రాజనర్సు చూసుకుంటాడు. ఎడమ అయితే బస్టాండ్, అక్కడ మా ఆయన కొట్టు ఉండనే ఉంది. మెట్టె ఇల్లు చేరేలోపే సంగతులన్నీ ఇల్లు చేరేవి. పోస్టాఫీసులో బిళ్లలు కొన్నది. బండి దగ్గర రెండు మిర్చీ బజ్జీలు తిన్నది, మూడోది సగం తిని కళ్లనీళ్లు పెట్టుకున్నది. ఖిల్లా గుట్టెక్కి కూర్చుని పుస్తకంలో బొమ్మలు గీసుకున్నది.

అన్నీ ముందే తెలుసు కాబట్టి, వచ్చాక కూడా ఎవరమూ ఏమీ అడిగేవాళ్లం కాదు. తెలిసిన సంగతే మళ్లీ అడుగుతామా? మిర్చీలు తిన్న రోజు మాట్లాడకుండా పెరుగన్నం కలిపి పెట్టాం. అంతే.

మెట్టె వైపు నుంచి ఇదంతా ఎలా కనిపిస్తుందో నాకు తోచలేదు. ఇప్పుడు తలుచుకుంటే అన్నీ కళ్లకు కడుతున్నాయి. ఐదో రోజు నుంచి ఆ పిల్ల గడపలో ఆగడం మొదలుపెట్టింది. "నేను బయటికి వెళ్తున్నాను" అని పెద్దగా చెప్పి, అక్కడే నిలబడేది. మేము ముగ్గురం మూడు దిక్కులు చూసేవాళ్లం. నేను సంచిలో సుద్దముక్కలు వెతుక్కునేదాన్ని, మా ఆయన చొక్కా గుండీలు విప్పి మళ్లీ పెట్టుకునేవాడు, మా అత్త ఆకు కత్తిరించేది. నోరు జారితే పిల్ల పని చెడిపోతుందని మా భయం. ఏడో రోజు మెట్టె "ఇవాళ చాలా దూరం వెళ్తున్నాను" అంది. మా ఆయన పెదవులు కదిలాయి. మా అత్త కత్తెర పైకెత్తింది. ఆయన నోరు మూసుకున్నాడు.

ఎనిమిదో రోజు మెట్టె ఏమీ చెప్పకుండానే బయల్దేరింది. రుక్మాబాయి ఎడమచెయ్యి ఊపింది. మా ఆయన కొట్లో మోటారు విప్పుకుని కూర్చున్నవాడు తల ఎత్తేసరికి, పిల్ల బోధన్ బస్సు కిటికీలో కనిపించింది. బస్సు కదిలిపోయింది. ఆ మనిషి కొట్టుకు తాళం కూడా వేయకుండా, చేతిలో స్క్రూడ్రైవర్‌తోనే తర్వాతి బస్సెక్కాడు. ఎవరి చేతో ఇంటికి కబురు పంపాడు, పిల్ల బోధన్ బస్సెక్కింది, నేను వెనక పోతున్నానని.

నేను బడి నుంచి వచ్చేసరికి మా అత్త ఒళ్లో చాట ఉంది కానీ చేతులు ఆడటం లేదు. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి, జ్వరంలో కూడా, ఆ చేతులు ఆగిన రోజు లేదు.

"దొరికిందా లేదా తెలుస్తలేదే గోదావరీ. బోధన్‌ల దానికెవరున్నరే?"

"మా తమ్ముడున్నడు అత్తా. ఏం కాదు."

"నీ తమ్ముడు దానికి తెలుసా? తెల్వని ఊరు, తెల్వని భాష. ఎల్లమ్మ తల్లీ, పొల్ల ఇల్లు చేరితే నీకు కొబ్బరికాయ కొడుత." ఇంకాసేపటికి కొబ్బరికాయ కాస్తా మేకపిల్ల అయింది.

దీపాలు పెట్టే వేళకు మెట్టె వచ్చింది. బట్టల నిండా దుమ్ము, చేతిలో మూరెడు చెరుకు గడ. మా ఆయన ఆమె వెనక అరఫర్లాంగు దూరంలో, తలకు తువ్వాల కప్పుకుని వస్తున్నాడు. మా అత్త మొహం చాటంత అయింది. ఎగిరి గంతేయాలనిపించింది నాకు. కానీ పిల్లను కంగారు పెట్టకూడదు కదా. ఏమీ జరగనట్టే పీట వేశాను.

మెట్టె కూర్చోలేదు. "నేను ఇవాళ రోజంతా లేను" అంది.

"అవును. ఆకలేస్తుంటుంది, కూర్చో" అన్నాను.

ఆ పిల్ల నన్ను ఒక్క క్షణం చూసింది. ఒక రొట్టె తిని గదిలోకి పోయింది. తలుపు సందులోంచి ఏడుపు వినిపించింది. ఇంటి మీద బెంగ పెట్టుకుందనుకున్నాను. మర్నాడు సేమియా పాయసం చేశాను. ఏం తెలివి నాది!

మా ఆయన చెప్పిన బోధన్ కథ విని ఆ మర్నాడంతా నేనూ మా అత్తా పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నాం. చక్కెర ఫ్యాక్టరీ దారిలో చెరుకు లారీలు వరుస కట్టి ఉన్నాయట. మెట్టె గట్టు మీద కూర్చుంటే ఒక రైతు గడ విరిచి ఇచ్చి, పళ్లతో చీల్చడం నేర్పాడట. ఆమె సాయంత్రం దాకా చెరుకు నమిలింది, ఈయన సాయంత్రం దాకా లారీ వెనక దాక్కున్నాడు.

"దగ్గరికి వోయి పలకరిస్తే ఏమాయె?" అన్నాను.

"గిక్కడికి దేనికొచ్చినవ్ అని అడిగినట్టయితది గదనే! పిల్ల ఏం పని మీద వచ్చిందో ఏమో" అన్నాడు. అంత పద్ధతి గల మనిషి.

ఆదివారం పదో రోజు. పదింటికి రామ్‌దాస్ గారి జీపు సందు మొగలో ఆగింది. నేను కొత్త చీర కట్టుకుని, గారెలకు పప్పు నానబెట్టి, ధైర్యంగా ఉన్నాను. ఆయన మెట్టెతో గదిలో అరగంట మాట్లాడారు. బయటికి వచ్చినప్పుడు నా మొహంలోకి చూడలేదు.

"మేడం, మీరంత మంచోళ్లు అంటున్నది. తిండి మంచిగున్నది, అవ్వంటే పానం అంటున్నది. కని..."

"కని ఏంది సార్?"

"వాళ్లింట్ల తలుపు పక్కన ఒక పుస్తకం ఉంటదంట. ఎవరు బయటికి వోయినా ఏడికి వోతున్నరు, ఎప్పుడొస్తరు, రాసి వోవాలంట. రాయకుంటే వాళ్లమ్మ ఊరంత ఫోన్లు చేస్తదంట. ఈడ నేను పొద్దంత రాకున్నా ఒక్కరు గూడ ఏడికి వోయినవని అడుగలే, నేను ఉన్నా లేకున్నా వీళ్లకు ఒక్కటే, బరువైతున్న అంటున్నది. డాక్టర్ గారింటికి వోత అన్నది. బట్టలు సదురుకుంటున్నది."

అప్పుడొచ్చింది కోపం. మా ఆయన స్క్రూడ్రైవర్ పట్టుకుని లారీల వెనక తిరగడం, మా అత్త మొక్కులు, రుక్మాబాయి చేతులు ఊపడం, ఇదంతా ఒక్కటేనా? ఉన్నా లేకున్నా ఒక్కటేనా?

"పోనియ్యుండ్రి సార్!" అన్నాను. "పోతమన్నోళ్ల కాళ్లు వట్టుకునే అలవాటు మాకు లేదు."

"ఒక్కమాట మీరు చెప్పి చూడుండ్రి మేడం."

"నేను చెప్ప."

"నేను మాట్లాడ్త" అన్నాడు మా ఆయన.

"ఏమని? స్క్రూడ్రైవర్ వట్టుకొని నీ ఎనుక తిరిగిన అని చెప్తవా? ఊకో!"

వంటింట్లోకి పోయి గిన్నెలు ఎత్తి ఎత్తి వేశాను. మా అత్త తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. ఏమైందని అడిగింది. ఉన్న కోపమంతా ఆమె మీద దులిపాను.

"నీ చట్టమే అత్తా! ఏడికని అడగలేదని పోతున్నది. మనకు దాని మీద ప్రేమ, పావురం లేదంట!"

"మనకా? పావురం లేదా?" ఆమె లోపలికొచ్చి నా ముందు నిలబడింది. "ఆ దేశంల పావురముంటే అడుగుతరా?" అంది.

"అడుగుతరంట."

"అడుగుతే పోయిన పని చెడదా?"

"వాళ్లకు చెడదంట."

మా అత్త తన అరుగు మీదికి పోయి కూర్చుంది. నేను నానిన పప్పు ముందు నిలబడ్డాను. అప్పటికి తెలిసింది నాకు, ఆ కోపం రామ్‌దాస్ గారి మీద కాదు, మా అత్త మీద కాదు, పిల్ల మీద అసలే కాదు. ఎండ ప్రమాదమా అని ఆ పిల్ల నోరు తెరిచి అడిగింది కదా. అవునన్నాను. ఊరందరి పిల్లలకూ విడమరిచి చెప్పేదాన్ని, నా ఇంట్లో పిల్లకు రెండు నిమిషాలు చెప్పలేకపోయాను. ఆ ముక్క ఇప్పుడైనా పోయి చెప్పొచ్చు. ఇప్పుడు చెబితే సాకు చెప్పినట్టుంటుందని నా పొగరు. ఆ పొగరును తిట్టుకుంటూనే గిన్నె తోముతున్నాను.

మెట్టె బయటికి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. మా ఆయనకు చెయ్యి ఇచ్చింది. మా అత్త ముందు వంగి, "పోతున్న, అవ్వ" అంది తెలుగులో. మా అత్త తల ఎత్తలేదు. గుమ్మం దగ్గర ఆ పిల్ల తనే తల వంచి దాటింది. పది రోజుల్లో అంత అలవాటైపోయింది.

రామ్‌దాస్ గారు పెట్టె జీపులో వేశారు. స్టీరింగు దగ్గర కూర్చుని బండి తిప్పారు. సందులో జనం అరుగుల మీదికి వచ్చి చూస్తున్నారు. మెట్టె ఒక కాలు జీపు మీద పెట్టింది.

అరుగు మీద చాట బోర్లాపడింది. ఆకు, తంబాకు, దారం ఉండ అన్నీ చెల్లాచెదరయ్యాయి. మా అత్త కొంగు నడుముకు చుట్టి మెట్లు దిగింది. నడిసందులో నిలబడి, నేను ఆమె గొంతులో ఎన్నడూ వినని ఒక కేక పెట్టింది.

"ఏయ్ పొల్లా! ఏడికే? ఏడికి వోతున్నవే?"

రుక్మాబాయి చేతిలో తూకపురాయి కింద పడింది. "అగ్గోబాయీ! లింగవ్వ అడిగింది!" అంది ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. మా ఆయన "అవ్వా!" అని అక్కడే కూలబడ్డాడు. మా అబ్బాయి మొదటిసారి హాస్టలుకు పోతున్నప్పుడు కూడా పెదవి విప్పని మనిషి ఆయన. జీపు ఇంజను ఠక్కున ఆగిపోయింది. రామ్‌దాస్ గారు డిగ్రీలున్న మనిషే, ఢిల్లీ దాకా పోయి వచ్చిన మనిషే. కానీ పుట్టింది కమ్మర్‌పల్లిలో, ఇవే పట్టింపుల మధ్య.

"పాయె! అవ్వ అడిగె" అంటూ దిగి, పెట్టె తీసి తనే మా అరుగు మీద పెట్టారు. "అడిగినంక ఎట్ల వోతం మేడం? దార్ల ఏమన్నయితే నన్ను మా అవ్వ ఇంట్లకు రానిస్తదా?"

మెట్టెకు ఏమీ అర్థం కాలేదు. ఒక కాలు పైన, ఒక కాలు కింద, నా వైపు చూసింది. నా పొగరు ఎటు పోయిందో తెలియదు, ఆ తడి చేతులతోనే పరుగెత్తాను.

"నువ్వు ఎక్కడికి పోతున్నావని అడిగింది మా అత్త" అన్నాను నాకు వచ్చిన ఇంగ్లీషులో. "మా దగ్గర గడప దాటే మనిషిని అలా అడగం. అడిగితే ప్రయాణం చెడిపోతుంది. మనిషి వెనక్కి రావాల్సి వస్తుంది. ఎవరి ప్రయాణమూ చెడిపోకూడదని మా అత్త ఇన్నేళ్లు ఎవరినీ అడగలేదు. నీది చెడిపోవాలని అడిగింది."

మెట్టె కాలు కిందికి దించింది. "అందుకేనా మీరు అడగనిది?"

"అందుకే. ఆ నీళ్లు కూడా అందుకే. ఎండకు కాదు, తుమ్ములకు. నేను నీకు అబద్ధం చెప్పాను. బడికి ఆలస్యమైందని."

"మరి వచ్చాక?"

"వచ్చాక అడగడానికి ఏముంది? మాకు అన్నీ తెలుసు!"

ఇక సందంతా ఒక్కసారి మాట్లాడింది. రుక్మాబాయి కొట్టు వదిలి వచ్చి, ఏ రోజు కుడిచెయ్యి, ఏ రోజు ఎడమచెయ్యి, అన్నీ ఊపి చూపించింది. మిర్చీలు రెండు కాదు, రెండున్నర అని రెండు వేళ్లు ఎత్తి మూడో వేలు సగం మడిచింది. నేను ఇంగ్లీషులోకి మార్చలేక రొప్పుతున్నాను. మెట్టె మా ఆయన వైపు తిరిగింది.

"ఆత్మారాం, నువ్వు బోధన్‌కు వచ్చావా? లారీ వెనక మూడు గంటలు ఉన్నావా?"

"నాలుగు" అన్నాడు ఆయన. ఆ ఇంగ్లీషు అంకె ఆయనకు బాగా వచ్చు.

ఆ పిల్ల మొహం ఎర్రబడింది. "అంటే నా వెనక రోజూ ఎవరో ఒకరు ఉన్నారా? నన్ను అడిగితే నేనే చెప్పేదాన్ని కదా!" అని అరిచింది.

"నువ్వు ముందే చెబితే మేము వినేవాళ్లం కదా!" అని నేనూ అరిచాను.

"నేను రోజూ గడపలో నిలబడ్డాను!"

"మేము రోజూ నోరు కట్టుకుని చచ్చాం!"

నడిసందులో ఇద్దరం అలా అరుచుకుంటుంటే నాకు ఎంత హాయిగా ఉందో! పది రోజులు చుట్టంలా చూశాను ఆ పిల్లను, ఒక్కసారి కూడా కోప్పడలేదు. మా ఆయనతో, కొడుకుతో, అత్తతో ఎలా అరుస్తానో అలా అరిచాను. మెట్టె అరుస్తూ అరుస్తూ నవ్వేసింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. నా తడి చేతులు పట్టుకుంది. నేనూ ఏడ్చాను, ఎవరు చూస్తే ఏమిటి?

"మీ మాటలు తర్వాత" అంది మా అత్త. ఆమె అక్కడే, నడుముకు కొంగు చుట్టుకుని, సందు మధ్యలో నిలబడే ఉంది. ఊపిరి ఇంకా ఎగపోస్తోంది. "నేను అడిగిందానికి జవాబేది? నా జన్మల మొదటిసారి నోరు తెరిచి ఒకలను అడిగిన. ఏడికి వోతున్నవో చెప్పవేంది?"

నేను ఆ ముక్క మెట్టెకు చెప్పాను. ఆ పిల్ల జీపును చూసింది, అరుగు మీద తన పెట్టెను చూసింది, చెదిరిపోయిన ఆకుల మధ్య నిలబడ్డ ముసలామెను చూసింది. పది రోజుల్లో నేర్చుకున్న తెలుగంతా తలలో వెతుక్కుంది.

"ఏడికీ పోతలే, అవ్వ."

"మరి చెప్పులు ఇడువు" అంది మా అత్త.